పాత జపాను కారు వెల యెంత?

ఈ మాసమున మేము వ్రాయబూనిన విషయము మన పాఠకురాండ్రలో కొందరికి వింతగా తోపవచ్చును. బంగారపు తరుగును, పట్టుచీర సరిగను, పాడిగేదె ఈతలను చూచి వెలకట్ట నేర్చిన గృహిణికి మోటారుకారు వెలతో పనియేమి యని వారడుగవచ్చును. పనిలేనంతకాలము మేమును అట్లే యనుకొంటిమి. మా పెదతండ్రిగారి కుమార్తెకు ఆ పని పడినది. ఆమె వెంట నుండుటచేత మాకును పడినది.

అక్కగారి కాపురము అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున ఎడిసను పట్టణమందు. బావగారు 2022లో గతించిరి. మేము 2023 అక్టోబరులో అక్కడికి పోయి ఆరు మాసములుంటిమి. ఇంటి ఋణము, అమ్మాయి కళాశాల జీతము, భీమా కాగితములు, అన్నియు ఒక్కొక్కటిగా అక్కగారు తెలిసికొని సర్దుకొనిరి. మిగిలినది గరాజులోని యెర్రని చిన్నకారు. బావగారు దానిని 1997లో రెండవచేతిగా కొనిరి. ఇద్దరే కూర్చుండదగినది, పైకప్పు మడచి వెనుకకు వేయదగినది. పిల్ల పుట్టిన తరువాత ముగ్గురు కూర్చుండ వీలులేని ఆ బండిని అక్కగారు ఏనాడును మెచ్చలేదు. "అది మీ బావగారి బొమ్మ" అని మాతో ననిరి.

ఆ బండి మాజ్డా కంపెనీవారి మియాటా, 1990 సంవత్సరపుది. జపానులో దీనినే యూనోస్ రోడ్‌స్టరు అని పిలిచిరి. 1979లో బాబ్ హాల్ అను అమెరికను పత్రికావిలేకరి మాజ్డా ఇంజనీరైన కెనిచి యమమోతోగారితో, ఇంగ్లీషువారు పూర్వము చేసినట్టి తేలికైన చవుక క్రీడాకారును మీరేల చేయరాదని యన్నాడట. పదియేండ్లకు, 1989 ఫిబ్రవరిలో, చికాగో ప్రదర్శనమున బండి వెలువడినది. నిర్మాణమునకు పెద్ద తోషిహికో హిరాయిగారు. అమెరికాలో ప్రారంభపు వెల 13,800 డాలర్లు. ఇంజను 1.6 లీటర్లది, 116 గుర్రముల బలము. మొదటి యేట జనము ఎగబడి, చీటిమీది వెలకు పైన సొమ్మిచ్చి కొనిరి. ఈ మొదటి రూపు 1997 వరకు నడచినది. అప్పటికి నాలుగులక్షలకు పైగా బండ్లు తయారైనవి. ఈ సంఖ్యను పాఠకురాండ్రు మనసున నుంచుకొనవలెను.

వెల విషయమున అక్కగారికి రెండు మాటలు చెవినిబడినవి. అక్కగారి మరిదిగారు టెలిఫోనులో, "వదినగారూ, పాత జపాను క్రీడాకార్లు ఇప్పుడు బంగారము. తొందరపడవలదు. ముప్పదివేల డాలర్లకు తక్కువ పలుకదు" అనిరి. ఆ వారములోనే ఊరిలోని ఒక వ్యాపారి వచ్చి, బండి చుట్టును ఒకసారి తిరిగి, 2,800 డాలర్లిచ్చి ఆనాడే తోలుకొనిపోయెదననెను. ముప్పదివేలకును మూడువేలకును నడుమ ఎంత యెడమో చూడుడు! అక్కగారికి ఆ సొమ్ముతో పని యున్నది. అమ్మాయి జీతము జనవరిలో కట్టవలెను. వ్యాపారి మాటకు ఇంచుమించుగా తలయూపిరి. మేమే అడ్డుపడి ఒక వారము గడువడిగితిమి. ఆతడు వెళ్లుచు వెళ్లుచు, "గట్టికప్పుకూడ ఉన్నదా, అమ్మా?" అని యడిగి, ఉన్నదనగా, "అదియు దీనితోడిదేగదా" యని పోయెను. ఆ ప్రశ్న మాకు గుచ్చుకొనినది.

మరిదిగారి మాట యెక్కడనుండి వచ్చినదో ముందు విచారించితిమి. ఆయన చెప్పినది పూర్తిగా అబద్ధము కాదు. 2021 జూనులో లాస్ వేగసు నగరమున బారెట్-జాక్సనువారి వేలములో టయోటా సుప్రా యొకటి 5,50,000 డాలర్లకు పోయినది. అయితే అది 2001 నాటి 'ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్' చిత్రమున పాల్ వాకరు నడిపిన బండి. ఆ వెలలో బండి పాలెంత, నటుని పాలెంత? 2019లో 1994 నాటి మరియొక సుప్రా 1,73,600 డాలర్లు పలికినది. అది పాతికేండ్లలో నడచినది పదకొండువేల మైళ్లు మాత్రమే. 2020 జనవరిలో 1971 నాటి డాట్సను 240జడ్ ఒకటి 3,10,000 డాలర్లకు పోయినది. అదియు భద్రముగా దాచినదే. ఇక టయోటా 2000జీటీ లోకములో ఉన్నవే మూడువందల యేబదికి అటునిటు. 2022 మార్చిలో ఒకటి ఇరువదియైదు లక్షల డాలర్లకు పైబడి తెగినది. పత్రికల కెక్కునవి ఇట్టివే. ఊరిలో ఒక యింటి యేడువారముల నగలను చూచి, మన పుస్తెలకు వెలకట్టుకొనినట్లు, నాలుగులక్షలలో నొకటియైన మన యెర్రబండికి సుప్రా వెలను కట్టరాదు. సుప్రాలలోనే టర్బో ఇంజనుగల దానికిని లేనిదానికిని రూపమొక్కటియైనను వెలలో ఎంతో భేదము.

మరి వ్యాపారి మాట? ఆతడు కొని అమ్ముకొని బ్రతుకువాడు. తన లాభమును, బాగుచేయు ఖర్చును, అమ్ముడుపోవువరకు నిలువయుంచు భారమును ముందే తీసివేసి చెప్పును. అందు తప్పులేదు. ఐతే అది బండి వెల కాదు. ఆతనికి గిట్టుబాటగు వెల.

కెల్లీ బ్లూబుక్కు అను ధరల పట్టిక ఆ దేశమున 1926 నుండి ఉన్నది. అది రోజువాడుక కార్లకు మంచిది. ముప్పదిమూడేండ్ల బొమ్మబండికి సరిగా తూగదు. పాతబండ్లకు భీమాచేయు హాగర్టీవారు వేరొక పట్టిక నడుపుదురు. వారు బండి స్థితిని నాలుగంతస్తులుగా విభజించిరి. మొదటిది ప్రదర్శనమునకు దగినది. రెండవది ప్రక్కన నిలిచి చూచినను లోపమిట్టె కనబడనిది. మూడవది చక్కగా నడచుచు, దూరమునుండి అందముగా, దగ్గర చూడ చిన్నచిన్న లోపములతో నుండునది. నాలుగవది నడచునేకాని లోపములు స్పష్టముగా గలది. ప్రతి యజమానుడును తన బండి రెండవ అంతస్తుదే యనుకొనునట. కన్నతల్లికి పిల్ల నల్లగా కనబడునా? అక్కగారి కట్టి మమత లేకుండుట మాకు లాభించినది. ఆమె నిర్మొగమాటముగా, "మూడునకును నాలుగునకును నడుమ" అనిరి. అదియే నిజమని తరువాత తేలినది.

అటుపిమ్మట మేము చేసిన పని సంతలో గేదెను చూచునట్టిదే. పాఠకురాండ్రలో ఎవరికైన ఇట్టి యవసరము కలిగినచో నుపయోగపడునని కొంత విపులముగా వ్రాయుచున్నాము.

బండికి 17 అక్షరముల సంఖ్య యొకటి యుండును. మొదటి అక్షరము 'జె' యైనచో జపానులో పుట్టినది; పదవ అక్షరము 'ఎల్' అయినచో 1990 నాటిది. ఈ సంఖ్యయే చిన్నచిన్న చీటీలుగా తలుపులకును, ముందు రెక్కలకును, ఇంజనుపై మూతకును అతికించియుండును. ఒకచోట చీటీ లేనిచో ఆ భాగము ఎప్పుడో మార్చబడినదని సందేహింపవలెను. మా బండిలో ఎడమవైపు ముందు రెక్కకు చీటీ లేదు. అక్కగారు, "ఈ బండికి ఏ ప్రమాదమును జరుగలేదే!" యని యాశ్చర్యపడిరి.

తుప్పు సంగతి అన్నిటికంటె ముఖ్యము. ఆ దేశపు ఉత్తరభాగమున శీతకాలమందు మంచు కరుగుటకై రోడ్లపై ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పు ఇనుమును తినును. ఈ జాతి బండికి మరియొక రోగము కలదు. మడత కప్పుపై బడిన వాననీరు దిగిపోవుటకు వెనుక రెండుప్రక్కల సన్నని గొట్టములుండును. అవి ఆకులతో, మట్టితో పూడినచో నీరు తలుపుక్రింది గడపలోనికి చేరి లోపలినుండి తుప్పుపట్టించును. వెనుకచక్రమునకు ముందున్నచోట రంగు బొబ్బలెక్కినచో లోపల సగము పోయినదనియే అర్థము. కుడిప్రక్క బాగున్నది. ఎడమప్రక్క అరచేయియంత మేర బొబ్బలు. రేకుపని చేయువాడు దానిని కోసి కొత్తరేకు అతుకుటకు 1,400 డాలర్లు చెప్పెను. బ్యాటరీ ఈ బండిలో వెనుక సామానుపెట్టెలో నుండును. తగని రకము పెట్టినచో ఆమ్లము కారి అక్కడను రేకును తినివేయును. బావగారు తగినదే పెట్టియుండిరి.

1990, 91 నాటి తొలిబండ్ల ఇంజనులో ముఖ్యదండము ముందుకొన పొట్టిది. టైమింగు బెల్టు మార్చినప్పుడు అచ్చటి మర సరిగా బిగింపకున్న, అందలి గాడి అరిగి ఇంజనుకే ముప్పు వచ్చును. కప్పీకి నాలుగు కంతలున్నచో పొట్టిది, ఎనిమిదియున్నచో తరువాత బాగుచేసినది. మాది పొట్టిదే. కాబట్టి బెల్టును ఎవరు, ఎప్పుడు, ఎట్లు మార్చిరో చెప్పు కాగితము లేనిచో కొనువాడు జంకును. అరువదివేల మైళ్ల కొకసారి మార్చవలెనని నియమము. ఇక కప్పు వెనుక ప్లాస్టికు కిటికీ పసుపెక్కి, మడతలవద్ద చీలియున్నది. కొత్తకప్పు వేయించుటకు 900 డాలర్లు. చక్రములు, బొంగరపు చట్రము, దీపములు, సర్వమును కంపెనీవే. ఎవరి ముచ్చటకొరకును ఏ భాగమును మార్చలేదు. పడుచువారు బలముకొరకు ఏవేవో బిగించి వేలు తగులబెట్టుదురు గాని, అమ్మునాడు ఆ సొమ్ము తిరిగిరాదు. మీదుమిక్కిలి వెల తగ్గును.

కాగితములకొరకు వెదకుచు బావగారి బల్లసొరుగు తీసితిమి. రశీదులన్నియు సంవత్సరవారీగా కట్టి యున్నవి. 2019లో బెల్టు మార్చిన రశీదు కూడ దొరికినది. వానిక్రింద నీలపు అట్టగల నోటుపుస్తకము. ఇరువదియైదేండ్ల లెక్క, చక్కని తెలుగు వ్రాతలో. ఏ తేదీని, ఎన్ని మైళ్లకు నూనె మార్చిరి, టైర్లెప్పుడు కొనిరి, గొట్టములెప్పుడు శుభ్రపరచిరి. అక్కగారు కూర్చుండి మొదటినుండి చదువసాగిరి. 2003 జనవరి పుటలో నిలిచిపోయిరి. మంచుమీద బండి జారి స్తంభమునకు తగిలినదనియు, ఎడమ రెక్క మార్పించితిననియు, దాని ఖర్చును వ్రాసి, క్రింద "ఇంట చెప్పలేదు" అని యున్నది. ఆ జనవరిలో అమ్మాయి నెలల పిల్ల. అక్కగారు చాలసేపు మాటాడలేదు. పిదప, "నేను చీరకు పది డాలర్లు హెచ్చు పెట్టినచో నెలదినములు అడిగెడువారు" అని నవ్విరి. ఆ నవ్వు మధ్యలోనే ఆగినది.

వెలకు వత్తము. అడుగు వెల వేరు, తెగిన వెల వేరు. ప్రకటనలలో కనబడునవి అడుగు వెలలు; వాటిని నమ్మి లెక్కవేసినచో మోసపోవుదుము. ఇంటర్నెట్టులో 'బ్రింగ్ ఎ ట్రెయిలర్', 'కార్స్ అండ్ బిడ్స్' వంటి వేలముల చిట్టాలలో ముగిసిన బేరములు, ఫొటోలతోడను లోపముల వివరములతోడను, ఎవరైనను చూడవచ్చును. అమ్మాయి అందుకు కూర్చుండినది. 1990 మొదలు 1993 వరకు గల బండ్లు, ఎనుబదివేలనుండి లక్షయిరువదివేల మైళ్లవరకు నడచినవి, ఆరుమాసములలో అమ్ముడైనవి, ఏడు తీసితిమి. 1991లో నాలుగువేలే చేసిన ముదురాకుపచ్చ ప్రత్యేకపు బండ్లను, 1993 నాటి నల్లని పరిమితపు బండ్లను కలుపలేదు. అవి వేరు జాతి. ఏడింటిలో మిక్కిలి యెక్కువదానిని, మిక్కిలి తక్కువదానిని తీసివేయగా, మిగిలినవి 6,300కును 9,400కును నడుమ నుండినవి. నడిమిది 7,800.

ఇక్కడ మేము మొదట ఒక పొరపాటు చేసితిమి. 7,800నుండి తుప్పు 1,400, కప్పు 900, రెక్కకు 300, మొత్తము 2,600 తీసి 5,200 అని తేల్చితిమి. అమ్మాయి, "పిన్నీ, ఆ బండ్లుకూడ కొత్తవి కావుకదా! వానికిని చినిగిన కప్పులున్నవి" అనినది. నిజమే. ఐదింటిలో మూడింటికి కప్పు పాడు, రెంటికి తుప్పు. ఆ లోపములు నడిమివెలలో నిదివరకే తరుగైపోయినవి. రెండుమారులు తరుగుతీయు కంసాలి పని మేము చేసినట్లయినది. మన బండికి వానికంటె ఎక్కువగా నున్న లోపమునకే తీయవలెను. వానికి లేని గుణమునకే కలుపవలెను. రశీదులు, ఇరువదియారేండ్లు ఒక్కరి చేతిలోనుండుట, మార్పులు లేకుండుట మన గుణములు. అన్నియు కూడి తీసి చూడగా 6,500 మొదలు 7,500 వరకు అని తేలినది. బాగుచేయించి అమ్ముదమా యనియు విచారించితిమి. 2,300 ఖర్చుపెట్టినచో వెల పదునైదువందలకంటె పెరుగునట్లు కనబడలేదు. కాబట్టి మానితిమి.

లాభమన్న మాట మరిదిగారు మరల నెత్తిరి. 1990 నాటి 13,800 డాలర్లు ధరల పెరుగుదలచే 2023లో సుమారు 32,000 డాలర్లకు సమానము. కాబట్టి నేడు ఎవడైనను కొత్తనాటి వెలయే యిచ్చినను అది లాభముకాదు. మరిదిగారి కీలెక్క రుచింపలేదు.

గట్టికప్పు సంగతి మరువలేదు. అది నేలమాళిగలో దుప్పటి చుట్టియున్నది. శీతకాలమందు బట్టకప్పుపై బిగించుకొనునది. కంపెనీవారు వేరుగా అమ్మిరి, అందరును కొనలేదు, ఇప్పుడు చేయుట లేదు. అందువలన బండితో పనిలేకయే దానికి గిరాకి. విడిగా ప్రకటింపగా మూడుదినములలో 1,600 డాలర్లకు పోయినది. అమ్మాయి జనవరి జీతమునకు అక్కగారు పెట్టుకొనిన పొదుపునకు అది తోడై, వ్యాపారికి తలయొగ్గు నవసరము తప్పినది. ఆతడు 2,800కు ఈ రెంటిని కలిపి అడిగెను! దొంగయనలేము, అడిగెను, అంతే. ఐనను భర్తపోయిన యిల్లాలికి లెక్క తెలియదని యనుకొనుట మాకు కష్టమనిపించినది.

కప్పులేని బండి శీతకాలమున ఎవరికి ముద్దు? మార్చి, ఏప్రిలు నెలలలో ఎండ కనబడగానే గిరాకి లేచును. మధ్యకాలమున అక్కగారు కాగితముల పని చక్కజేసికొనిరి. ఆ దేశమున టైటిలు అను హక్కుపత్రము ఎవరి పేరనున్నదో వారే అమ్మవలెను. అది బావగారి పేరనే యున్నది. కౌంటీలోని సరొగేటు కార్యాలయమునకు పోయి మరణపత్రము చూపి, అధికారపత్రము పొంది, తరువాత మోటారు శాఖవారియొద్ద పని ముగించుకొనవలసివచ్చెను. హక్కుపత్రము సరిగా లేనిచో కొనువారు తొలగిపోవుదురు, లేదా సగమునకడుగుదురు. ఈ యొక్క పనిని మగవారు బ్రతికియుండగనే ఇద్దరి పేరులు వ్రాయించి తప్పింపవచ్చును.

2024 ఏప్రిలులో 7,900 అడుగుచు ప్రకటించితిరి. తుప్పుపట్టినచోటి ఫొటోయు, రెక్క మార్చిన సంగతియు దాచక పెట్టితిరి. నీళ్లలో గేదెనుంచి కొమ్ముల బేరము చేయుట అక్కగారికి గిట్టదు. నలుగురు వచ్చిరి. ఇద్దరు తుప్పుచూచి నాలుగువేలనిరి. ఒకడు మాటలాడి పోయెను. నాలుగవవాడొక పడుచు ఇంజనీరు. తనతో మెకానికును తెచ్చుకొనెను. ఆ మెకానికు నాలుగు సిలిండర్లలోని ఒత్తిడి కొలచి, నాలుగును సమముగా నున్నవనెను. కప్పీకదలిక చూచెను, బెల్టు రశీదు చదివెను. 6,600 అనిరి, అక్కగారు 7,300 అనిరి, 7,000కు తెగినది.

ఆ కుర్రవాడు రశీదులకట్టతో నోటుపుస్తకమునుకూడ అడిగెను. బండి చరిత్ర బండితోనే యుండవలెనని ఆతని వాదము; అది న్యాయమే. అక్కగారు ప్రతిపుటకును నకలు తీయించి యిచ్చిరి. తెలుగు అంకెలుకావు గనుక తేదీలు, మైళ్లు ఆతనికి తెలియును. తక్కిన మాటలకు అమ్మాయి ప్రక్కన ఇంగ్లీషు వ్రాసిపెట్టినది. 2003 జనవరి పుటలో "రెక్క మార్పించితిని" అన్నంతవరకే తర్జుమా చేసినది. అసలు పుస్తకము సొరుగులోనికి పోయినది.

ఆ రాష్ట్రమున నంబరుపలకలు బండితో పోరాదు. అమ్మినవారు ఊడదీసి మోటారు శాఖకు అప్పగింపవలెను. స్క్రూడ్రైవరు అక్కగారే తీసికొని వంగిరి. వెనుకపలక మర ఒకటి తుప్పుపట్టి రాలేదు. కుర్రవాడు సాయమునకు రాబోగా వలదని, వంటింటిలోనుండి నూనెసీసా తెప్పించి రెండుచుక్కలు వేసి, కొంచెముసేపాగి తిప్పిరి. వచ్చినది.